దిష్టి చేప

దీనా అక్క మిద్దె మీద ఉన్నన్ని చేపలు మా వీధిలో మనుషులు కూడా లేరు. మా వీధి ఉన్నది రహమత్ నగర్‌లో కాబట్టి ఆ మాటకు విలువుంది. నేను ఆ ఇంటి కింది పోర్షన్‌లో ఉంటాను. సినిమాలకు మాటలు రాస్తానని చెప్పుకుంటాను. నిజానికి మాటలు రాసేవాళ్లకు రాసిపెడతాను, తెర మీద పేరు వాళ్లది పడుతుంది. అబద్ధం నా చేతిపని కనుకనే ఆ బుధవారం దీనా అక్కకు చెత్త సలహా ఇచ్చాను. అది ముందే ఒప్పేసుకుంటున్నాను.

అక్కది పాలకొల్లు వైపు. వాళ్ల నాన్న చెరువుల్లో చేపలు పెంచేవాడు. అవి తినే చేపలు. ఈవిడ పెంచేవి చూసుకునే చేపలు. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక భర్త జేవియర్ షూటింగుల్లో లైట్లు మోసే పనికి వెళ్తే, ఈమె మిద్దె మీద సగానికి కోసిన నీలం డ్రమ్ములు, థర్మాకోల్ పెట్టెలు, రెండు సిమెంటు తొట్లు పేర్చి, పైన ఆకుపచ్చ వల కప్పి పని మొదలుపెట్టింది. గుడ్డు నుంచి చేప దాకా అంతా ఆమె చేతి మీదే. నల్లా నీళ్లు పట్టి, మందు వాసన పోయేదాకా రోజంతా డ్రమ్ములో ఉంచుతుంది. తర్వాత దోసిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ఆ ముక్కు సరేనంటేనే నీళ్లు తొట్లోకి వెళ్తాయి.

ఒకప్పుడు అక్వేరియం షాపులవాళ్లు మెట్లెక్కి వచ్చి మరీ చేపలు పట్టుకుపోయేవారు. ఇప్పుడు చెన్నై సరుకు వారానికోసారి కవర్లలో దిగుతోంది. అదే సైజు, అదే రంగు, ఈమె మేతకు పెట్టిన ఖర్చు కంటే తక్కువకు. షాపులు ఒక్కొక్కటే రావడం మానేశాయి. మిగిలినవి ‘ఇళ్లు’. జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్ నగర్‌లో పద్నాలుగు ఇళ్లలో అక్వేరియం తొట్టి కడిగి, చేప చచ్చిపోతే తన మిద్దె మీదది తెచ్చి పెడుతుంది. ఆ పద్నాలుగూ ఒకే ఇంటి మాట మీద వచ్చాయి. ఆ ఇల్లు రాజ్యలక్ష్మి గారిది.

రాజ్యలక్ష్మి గారి హాల్లో ఆరడుగుల తొట్టి, అందులో తొమ్మిది గోల్డ్ ఫిష్. ఎనిమిది ఎర్రగా బంగారంలా ఉంటాయి, ఒకటి నల్లది. ఆ లెక్క ఆ ఇంటికి వాస్తు చెప్పే ఆయనది. నల్లదానికి కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఇంటి మీద పడే దిష్టంతా ఆ కళ్లతో అదే లాగేసుకుంటుందట. అలాంటి ఇళ్లలో నల్ల చేప చచ్చిపోతే ఎవరూ ఏడవరు, దిష్టి తీసుకుని పోయిందని సంతోషిస్తారు. సగం చేపలు మేత ఎక్కువై చస్తాయని అక్కకు తెలుసు. ఆదివారం చర్చిలో దిష్టి లేదని విని, సోమవారం దిష్టి చేపను అమ్మి వస్తానని తన మీద తనే నవ్వుకునేది.

బుధవారం మధ్యాహ్నం ఆ నవ్వు పోయింది. రాజ్యలక్ష్మి గారి ఇంట్లో పనిచేసే ఎల్లమ్మ ఫోన్ చేసింది. అక్క స్పీకర్ మీద పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

“అక్కా, నల్ల చాప పసుపు పడ్తుంది. అమ్మ మస్తు గరం మీదుంది. వాస్తాయనకు ఫోన్ కొడ్తే, చాపను మార్చిండ్రు, తెచ్చినోళ్లనే మొత్తం ఎత్తుకపొమ్మను అన్నడట. జర జల్ది రా.”

శుక్రవారం ఆవిడ కొడుకు చరణ్ తేజ మొదటి సినిమా విడుదల. దిష్టి లాగే చేప సరిగ్గా రెండు రోజుల ముందు రంగు తిరగడం మొదలుపెట్టింది. ఆ ఇంటి నుంచి అక్కను గెంటేస్తే ఆ సంగతి సాయంత్రానికల్లా డ్రైవర్లు, వంటవాళ్ల మీదుగా మిగతా పదమూడు ఇళ్లకూ చేరుతుంది. ‘చేపను మార్చి మోసం చేసింది’ అన్న మాట వెనక ఎంత పరిగెత్తినా పట్టుకోలేం.

విషయం అక్కకు వెంటనే అర్థమైంది. ఎవరూ ఏదీ మార్చలేదు. నల్లవాటిలో కొన్ని పెద్దయ్యాక రంగు తిరుగుతాయి, ముందు పొట్ట కింద సన్నటి పసుపు గీత కనిపిస్తుంది. చీకట్లో, చల్లటి నీళ్లలో అది ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోవచ్చు. అందుకే ఈమె నల్లవాటిని ఓ మూలన, నల్ల టార్పాలిన్ కింద పెంచుతుంది. రాజ్యలక్ష్మి గారి తొట్టికి పొద్దస్తమానం తెల్లటి లైటు, నీళ్లు వెచ్చబెట్టే హీటరు. ఏడాది క్రితం ఇచ్చేటప్పుడే దాని పొట్ట కింద గీత చూసింది. అప్పుడు చేతిలో ఉన్న నాలుగు నల్లవాటిలో అదే బాగుందని ఇచ్చేసింది, అక్కడ లైటు ఎంతసేపు వెలుగుతుందో అడగాలని తోచలేదు.

నా సలహా అప్పుడు బయటికొచ్చింది. “ఇందులో ఆలోచించేదేముంది అక్కా, పసుపుది తీసి నల్లది పెట్టెయ్. మా ఫీల్డ్‌లో హీరోకే డూప్ ఉంటాడు, చేపకు ఉంటే తప్పా?”

“అంత సైజు నల్లది నా దగ్గర ఒక్కటే ఉంది తమ్ముడూ,” అంది.

అది నల్లమ్మ. తల్లి చేప. ఆ మిద్దె మీద పుట్టిన ప్రతి నల్ల చేపా దాని పిల్లే, ఇప్పుడు పసుపు తిరిగింది కూడా. నల్లమ్మకు మాత్రం మూడేళ్లయినా పొట్ట కింద మచ్చైనా రాలేదు. పైగా ఫిబ్రవరి, గుడ్ల మీద ఉంది, పొట్ట రెండు పక్కలా ఉబ్బింది. చెన్నై సరుకు ఎంత చవకైనా, రంగు నిలిచే నల్లవి అందులో రావు. పద్నాలుగు ఇళ్లూ ఈమెను అంటిపెట్టుకున్నది ఆ నల్లవాటి కోసమే. నల్లమ్మను ఇస్తే ఈ నెల గడుస్తుంది, కానీ వచ్చే ఏడాది ఇవ్వడానికి పిల్లలుండవు. ఇవ్వకపోతే ఇళ్లే ఉండవు.

అక్క టార్పాలిన్ పక్కన చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి కవరులో నీళ్లు పట్టింది.

జేవియర్ అవుట్‌డోర్ షూటింగ్‌కు వెళ్లాడు కాబట్టి బండి నేను నడిపాను. వెనక అక్క ఒళ్లో నల్లమ్మ ఉన్న కవరు, ఆమె మోచేతికి ఇంకో సంచి. అందులో మిద్దె మీది గుర్రపుడెక్క మొక్క ఒకటి. కొత్త చోట చేప దాక్కోవడానికి దాని వేళ్లు కావాలట. మోసం చేయడానికి వెళ్తూ చేపకు వసతి ఏర్పాట్లు చూస్తున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా వెనక నుంచి, మెల్లిగా తమ్ముడూ, మెల్లిగా అంటూనే ఉంది.

ఎల్లమ్మ గేటు దగ్గరే చెప్పేసింది. అమ్మ దేవుడి గదిలో సహస్రనామానికి కూర్చుంది, అరగంట లేవదు. హాల్లో ఎవరూ లేరు. తొట్లో ఎనిమిది ఎర్రవి బలంగా తిరుగుతున్నాయి. తొమ్మిదోది ఓ మూల ఉంది, వీపు ఇంకా నల్లగానే, కింద సగం పసుపు. ఒక్క నిమిషం పని. చేతి వలతో ఒకదాన్ని తీయడం, కవరు విప్పి ఇంకోదాన్ని వదలడం.

అక్క పసుపుదాన్ని తీసి వేరే కవరులో వేసింది. తొట్టి నీళ్లు బకెట్‌తో కొంత తీసి, అక్కడ ఎప్పుడూ పట్టి ఉంచే నీళ్లు పోసింది. గుర్రపుడెక్క వేసింది. తర్వాత నల్లమ్మ కవరును మూతి విప్పకుండానే నీళ్ల మీద తేలేసి, స్టూలు మీద కూర్చుంది.

వదిలెయ్ అక్కా అని చెవిలో అన్నాను. పదిహేను నిమిషాలు తేలాలి తమ్ముడూ, కవరు నీళ్లు, తొట్టి నీళ్లు ఒక వేడికి రావాలి అంది. ఎల్లమ్మ దేవుడి గది తలుపు వైపు, నా వైపు చూస్తూ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. నాకు కోపం వచ్చింది. దొంగతనానికి వచ్చి గడియారం చూసుకుంటూ కూర్చునే దొంగ ఎవరైనా ఉంటారా? ఇంకోసారి అన్నాను. అక్క తల తిప్పలేదు, కవరులో నల్లమ్మ మొప్పలు ఎలా ఆడుతున్నాయో చూస్తోంది.

పన్నెండో నిమిషంలో లోపల ఫోన్ మోగింది. సహస్రనామం మధ్యలో ఆగిపోయింది. కొడుకు ఫోన్ అయితే పూజలోంచైనా లేస్తుందని ఎల్లమ్మకు తెలుసు, మాకు చెప్పలేదు. రాజ్యలక్ష్మి గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని హాల్లోకి వచ్చారు. ఏదో ఊళ్లో థియేటర్ చివరి నిమిషంలో చేజారిందట. మాట్లాడుతూ మాట్లాడుతూ తొట్టి ముందు ఆగి, నీళ్ల మీద తేలుతున్న కవరులోని నల్ల చేపను, బకెట్ పక్కన కవరులో ఉన్న పసుపు చేపను చూసి, ఫోన్ కట్ చేశారు.

“ఇదేంటి దీనా?”

నా దగ్గర నాలుగు డైలాగులు సిద్ధంగా ఉన్నాయి. తోడు కోసం తెచ్చామని ఒకటి, పాతదానికి జబ్బు అని ఒకటి. ఏది వదలాలో తేల్చుకునేలోపే అక్క అందుకుంది.

“మీకు తెలియకుండా మార్చేద్దామని తెచ్చానండీ,” అంది అక్క.

రాజ్యలక్ష్మి గారు సోఫా అంచు మీద కూర్చున్నారు. అయితే వాస్తు ఆయన చెప్పింది నిజమేనా, ఇన్నాళ్లూ మారుస్తూనే ఉన్నావా అని అడిగారు. లేదండీ అని అక్క రంగు సంగతి, లైటు సంగతి, హీటరు సంగతి అంతా చెప్పింది. ఇచ్చిన రోజే పొట్ట కింద గీత చూశానని కూడా చెప్పింది. ఆ మాట చెప్పక్కర్లేదు. ఎవరూ అడగలేదు. నేను అక్క వైపు గుడ్లురిమి చూశాను.

“ఈ కవరు పెట్టి ఎంతసేపైంది?”

“పన్నెండు నిమిషాలండీ.”

“నేను లోపల ఉండగా మార్చేసి వెళ్లిపోవచ్చుగా. ఎందుకు కూర్చున్నావు?”

“ఒక్కసారి వదిలేస్తే తట్టుకోదండీ. గుడ్ల మీద ఉంది.”

ఆవిడ కవరు దగ్గరికి వంగి చూశారు. ఇది తిరగదా అని అడిగారు. ఇప్పటివరకూ తిరగలేదని, ఈ లైటు కింద మాట ఇవ్వలేనని అక్క చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, ఇది నా దగ్గరున్న తల్లి చేపండీ, ఇది పోతే నాకు ఇక నల్లవి పుట్టవండీ అంది. ఆ గొంతులో బతిమాలుకోవడం ఉంది. అది ఆవిడకూ వినపడింది. చేతిలో ఫోన్ మళ్లీ మోగింది, ఆవిడ ఎత్తలేదు. కొడుకు సినిమా భయం ఆ ముఖంలో కనబడుతూనే ఉంది. నాకు ఆవిడ మీద జాలి కలిగింది, అది ఒక్క క్షణమే.

“ఇంకా ఎంతసేపు ఉంచాలన్నావు?”

“మూడు నిమిషాలండీ.”

“అయితే ఉంచు,” అని ఆవిడ మళ్లీ దేవుడి గదిలోకి వెళ్లిపోయారు.

అక్క మూడు నిమిషాలూ ఆగింది. కవరు మూతి విప్పి కొంచెం తొట్టి నీళ్లు పోసి, ఇంకొంచెం ఆగి, వంచింది. నల్లమ్మ మెల్లగా బయటికి వచ్చి గుర్రపుడెక్క వేళ్ల కిందికి పోయింది. పద్నాలుగు ఇళ్లూ నిలబడ్డాయి. తిరిగి వస్తుంటే, ఒళ్లో పసుపుదాని కవరుతో అక్క వెనక ఏడుస్తోందని నాకు వీపు మీద తెలిసింది.

కృష్ణానగర్ దాటాక బండి ఆపమంది. కళ్లు తుడుచుకుని లెక్క చెప్పింది. కొత్త నీళ్లు పోసింది తనే. హీటరు వెచ్చదనం ఉంది. గుడ్లు నిండుగా ఉన్నాయి. ఎనిమిది ఎర్రవాటిలో మగవి నాలుగైనా ఉంటాయి. “ఎల్లుండి తెల్లారగట్ల పెట్టేస్తుంది తమ్ముడూ. పెట్టిన గుడ్లన్నీ ఆ మొక్క వేళ్లకు అంటుకుంటాయి. పొద్దెక్కేలోపు తియ్యకపోతే ఆ చేపలే తినేస్తాయి.”

ఎల్లుండి అంటే శుక్రవారం. గురువారం ఉదయం రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేసి, మొక్క ఒక్కటి మార్చుకెళ్తానని అడిగింది. ఆవిడ విసుక్కోలేదు, మెత్తగానే చెప్పారట. శుక్రవారం మా ఇంట్లోంచి ఏదీ బయటికి పోదు దీనా, అందులోనూ విడుదల రోజు, శనివారం రా అని. శనివారానికి ఖాళీ వేళ్లు మిగులుతాయి. శుక్రవారం ఇంట్లోంచి ఏదైనా ఇస్తే లక్ష్మి వెళ్లిపోతుందన్నది మా ఇంట్లోనూ ఉంది, మా అమ్మ శుక్రవారం పక్కింటికి చేబదులు పంచదార కూడా ఇచ్చేది కాదు. ఆ అలవాటు మీద నాకు ఎప్పుడూ రాని కోపం ఆ రోజు వచ్చింది.

శుక్రవారం ఆరు గంటలకు ఎల్లమ్మ ఫోన్.

“అక్కా, గా ఎర్రయన్నీ నల్లదాని ఎంటబడి తరుముతున్నయ్. వేర్లకు గుడ్లు సాబుదాన లెక్క అంటుకుంటున్నయ్. అమ్మకు జెప్పనా?”

వద్దంది అక్క. ఆ మొక్క ఎలాగైనా బయటికి వస్తుందా అని అడిగింది. అమ్మ చూస్తే నా పని గూడ పోతదక్కా అంది ఎల్లమ్మ. నిజమే. అంతలో ఎల్లమ్మే మళ్లీ అంది, చెత్తయితే పోతది గదా, చెత్తకు శుక్రారం లేదు, ఏడు గొట్టంగ బండి వస్తది, బకెట్ల జర నీళ్లు పోసి తెస్త అని.

ఏడుకు పది నిమిషాల ముందే మేము ఆ గేటు ఎదుట ఉన్నాం. అక్క చేతిలో తన నీళ్లతో నింపిన స్టీలు బేసిన్. బండి రాలేదు. ఏడూ అయిదు. లోపల తొట్లో ఒక్కో నిమిషానికి ఎన్ని గుడ్లు పోతున్నాయో ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఏడూ పదికి చెత్త ఆటో మలుపు తిరిగింది, అదే సమయానికి గేటు తెరుచుకుంది. ముందు కారు వచ్చింది. మొదటి ఆటకు వెళ్తున్నారు. వెనక సీట్లో పట్టుచీరలో రాజ్యలక్ష్మి గారు. కారు పక్కనే, తడి చెత్త వేసే ఆకుపచ్చ బకెట్ పట్టుకుని ఎల్లమ్మ, బకెట్ పైన గుర్రపుడెక్క ఆకులు.

కారు ఆగింది. అద్దం దిగింది.

“ఏంటది ఎల్లమ్మా?”

“తడి చెత్తమ్మా.”

రాజ్యలక్ష్మి గారు బకెట్‌లోకి చూశారు. ఆ మొక్కను బుధవారం ఆవిడ చూశారు. తర్వాత రోడ్డవతల బేసిన్‌తో నిలబడ్డ అక్కను చూశారు. ఆటోవాడు హారన్ కొట్టాడు.

“శుక్రవారం నా ఇంట్లోంచి ఏదీ పోదు దీనా,” అన్నారు ఆవిడ. అక్క తల దించుకుంది. “చెత్త అయితే వేరు. తీసుకెళ్లమను.”

అద్దం పైకెక్కింది, కారు వెళ్లిపోయింది. ఇలాంటి మాటలు రాయడమే నా బతుకు, అయినా అందులో ఎంత దయ ఉందో, ఎంత చులకన ఉందో నాకు ఇప్పటికీ తేలలేదు. అక్క ఆ లెక్కే వేయలేదు. మొక్కను రెండు చేతులతో ఎత్తి బేసిన్‌లోకి దించింది. వేళ్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. లోపలి వైపు, చేపల నోళ్లు అందని చోట, గుడ్లు ఇంకా మెరుస్తున్నాయి.

సోమవారానికి అవి పిల్లలయ్యాయి, కంటికి ఆనని సన్నటి ముక్కలు. తండ్రులు ఎర్రవి కాబట్టి ఎన్ని నల్లవవుతాయో, అయినవాటిలో ఎన్నిటికి రంగు నిలుస్తుందో ఏడాది దాకా ఎవరూ చెప్పలేరు. చరణ్ తేజ సినిమా వారం ఆడింది. నల్ల చేప లేకపోతే అదీ ఆడేది కాదని ఆ ఇంట్లో అనుకున్నారు. బుధవారం బుధవారం అక్క ఆ తొట్టి కడగడానికి వెళ్తుంది. మొట్టమొదట నల్లమ్మ పొట్ట కింద చూస్తుంది, తర్వాతే లైటు ఆపి పని మొదలుపెడుతుంది. ఇంతవరకు గీత రాలేదు.

ఓ రోజు నేను మిద్దెక్కి, ఆ సలహా ఇచ్చినందుకు క్షమించమన్నాను. నువ్వు చెప్పినట్టే చేద్దామని వెళ్లాను తమ్ముడూ, కవరు తేలెయ్యకుండా ఉండలేకపోయాను, అంతే తేడా అంది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. చెన్నై నుంచి వచ్చే కవర్లలో సగం చేపలు బస్సులోనే చచ్చి దిగుతున్నాయి. మూడేళ్లుగా మొహం చూపించని యూసఫ్‌గూడ షాపు బాబీ ఆ వేడిలో మెట్లెక్కి వచ్చాడు. టార్పాలిన్ కింద గోరంత సైజుకు వచ్చిన పిల్లల్ని చూసి, ఉన్నవన్నీ ఇప్పుడే పట్టుకుపోతానన్నాడు. కవర్లు కూడా తెచ్చుకున్నాడు.

అక్క పిల్లల తొట్టి మీద మూత పెట్టింది.

“ఇవాళ శుక్రవారం బాబీ. నా ఇంట్లోంచి ఏదీ పోదు.”

నువ్వు చర్చికి పోతావు కదక్కా, నీకేం శుక్రవారం అని అతను పెద్దగా నవ్వాడు. అక్క నవ్వలేదు. రేపు రా, పక్క తొట్లోని ఎర్రవి ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాను, నల్లవి మాత్రం ఏడాది దాకా అడగొద్దు అని చెప్పి పంపేసింది. అతను మెట్లు దిగాక నా వైపు తిరిగింది.

“ఏం తమ్ముడూ, శుక్రవారాలు వాళ్లకేనా ఉండేది?”